మునిగిపోయామని చెప్పడానికి ఒక మాట

మార్కాపురం బజారులో ఎవరినైనా "వ్యాపారం ఎట్లుంది?" అని అడిగి చూడండి. "ఏముంది, బేరాల్లేవు" అంటారు. అది సమాచారం కాదు, నమస్కారానికి ప్రతినమస్కారం. దుకాణం గుమ్మం ముందు చెప్పులు గుట్టపడి ఉన్నా, లోపల గుమస్తాలు మడతలు విప్పలేక చేతులెత్తేసినా, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి నోట వచ్చేది ఆ మాటే.

మా నాయనకు బట్టల దుకాణం ఉండేది. ఒక పెళ్లిళ్ల సీజనులో జనం తోపులాటకు ముందున్న అద్దాల బీరువా పగిలింది. చప్పుడు విని పక్క దుకాణం పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. నాయన గాజుపెంకులు ఏరుతూనే, "ఏం చెప్పేది అన్నా, పొద్దున్నించి ఈగలు తోలుకుంటా ఉండాం" అన్నాడు. ఆయన గాజుపెంకుల వైపు చూశాడు, లోపలి జనం వైపు చూశాడు. "మా కాడా అంతే అబ్బయ్యా" అని, పంచె ఎగ్గట్టి కూర్చుని, తానూ నాలుగు పెంకులు ఏరి వెళ్లాడు.

బేరాలున్నాయని ఒప్పుకుంటే వచ్చే నష్టాలు మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. వినాయకుడి చందా పెరుగుతుంది. దూరపు చుట్టం దగ్గరవుతాడు. గుమస్తాకు తన జీతం గుర్తొస్తుంది. ఇక దిష్టి సంగతి సరేసరి. గుమ్మానికి వేలాడే బూడిదగుమ్మడికాయ ఒక్కటే ఎంతని మోస్తుంది? అందువల్ల అంత పొడుగు వీధిలో ఏనాడూ ఒక్కరికి కూడా వ్యాపారం జరగలేదు. అందరూ మేడలు మాత్రం కట్టారు.

నేను ఆ వీధిలో పెరిగినదాన్ని. గిద్దలూరు బస్టాండులో సీతాఫలాలు అమ్మే ఆమె నన్ను చూడగానే గంప మీద గుడ్డ కప్పుతుంది. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు "మూడు ఇంజెక్షన్లు పడతాయి" అన్నాడు. నేను ఆలోచించకుండా "రెండు చేసుకోండి" అన్నాను. ఆయన కూడా ఆలోచించకుండా "రెండున్నర" అన్నాడు. ఆయనా మా వీధివాడే.

పెళ్లయ్యాక కూడా నేను ఊరు దాటలేదు. మావారిది ఊరి చివర పలకరాయి యార్డు. గనుల నుంచి వచ్చిన రాయిని పలుచగా చీల్చి, చదరంగా కోసి, గోడలకు అంటించుకునే వాళ్లకు అమ్ముతాం. ఆయన మిషన్లతో మాట్లాడతారు, నేను మనుషులతో మాట్లాడతాను. పని సమంగా పంచుకున్నామని ఆయన నమ్మకం.

రెండేళ్ల కిందట ఆ యార్డులో మాట్లాడటానికి మనుషులు లేకుండా పోయారు. జనం టైల్సుకు మరిగారు. ఆ టైల్సు మీద ఉండే బొమ్మ ఏమిటనుకున్నారు? మా పలకరాయే. మా రాయిని ఫొటో తీసి, మట్టి బిళ్ల మీద అచ్చువేసి, మా ఊరికే తెచ్చి అమ్ముతున్నారు. మా యార్డు ముందు ఇల్లు కట్టుకున్నాయన కూడా గోడకు ఆ ఫొటోనే అంటించుకున్నాడు. బేరాల్లేవనే మాటను పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను గానీ, అది నిజమైనప్పుడు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లో మా అన్న కూతురు హైదరాబాదు నుంచి పెట్టె సర్దుకుని వచ్చేసింది. అక్కడ దాని ఉద్యోగం, పార్సిలు రాలేదని మండిపడే పరదేశీయులకు కంప్యూటరులో క్షమాపణలు రాయడం. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా సారీలే. "నేను చెయ్యని తప్పుకి నాకు తెలియని మనిషికి ఎన్ని సార్లు సారీ చెప్పాల్నో చెప్పు అత్తా" అంది. ఇక అటువైపు తిరిగి చూడనంది. మా యార్డులో కూర్చుని, ఆ వచ్చిన ఇంగ్లీషుతోనే పై దేశాలకు రాయి అమ్ముతానంది.

మా అన్న ఇప్పుడు నాయన దుకాణం చూసుకుంటున్నాడు. కూతురి మాట విని, కొత్త కంపెనీ లుంగీలు చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "శాంపిలు అమ్ముడుపోతేనే గదా స్టాకు ఎత్తేది. ఒక్క ఆర్డరు తీసుకురా. తెచ్చినావంటే మీ అత్త యార్డులో నీ కుర్చీ నీది, నేను ఏమన్నా అంటే అడుగు. రాలేదా, నోరు మూసుకుని హైదరాబాదు బస్సెక్కు" అన్నాడు.

"సరే నాయనా" అంది అది. రాత్రి మా ఇంట్లో అన్నం కలుపుతూ, "బస్సెక్కిస్తే మాత్రం నేను బతకను అత్తా" అనలేదు. అలాంటి మాటలు అనే పిల్ల కాదు. "ఆ కుర్చీలో మళ్లీ కూర్చుంటే సారీ అన్న మాట తప్ప నాకు ఏ మాటా రాకుండా పోతుంది" అని మాత్రం అంది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. బేరగాళ్ల ఇంటి పిల్లకు నోరే కదా ఆస్తి.

పిల్ల కూర్చుని ఎక్కడెక్కడికో శాంపిళ్లు పంపింది. పై దేశంలో హోటళ్లకు గోడలు కట్టించే ఒకాయనకు మా రాయి నచ్చింది. రేటు ఇంకా మాట్లాడుకోలేదు. అంతకుముందు ఒక ప్రశ్న వేశాడు: ఈ సీజనులో మీకు పని ఎలా ఉంది?

"బేరాల్లేవని రాయి" అన్నాను.

"అట్ల రాస్తే మన రాయి ఎవరూ కొనడంలేదని అనుకుంటాడు అత్తా."

ఆ మాట తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. నిజమే. నాయన దుకాణంలో ఆ మాట చెల్లింది ఎందుకంటే ఎదుటివాడికి కళ్లున్నాయి, చెప్పుల గుట్ట కనపడుతుంది. సముద్రం అవతలివాడికి చెప్పులు ఎలా చూపిస్తాం? వాడికి మాట ఒక్కటే కనపడుతుంది. జీవితంలో మొదటిసారి నాకు 'పని ఎక్కువగా ఉంది' అని చెప్పే మాట అవసరమైంది. వెతికితే నా దగ్గర లేదు.

"మీ ఇంగ్లీషులో ఏమన్నా ఉందా?" అన్నాను.

"ఉందా అంటావేంది. కుప్పలు ఉన్నాయి" అంది.

"తీయి, చూద్దాం."

చీరలు చూపించినట్టే చూపించింది. నేనూ చీరలు చూసినట్టే చూశాను, అంచు పట్టి, నలిపి, వెలుతురుకు ఎత్తి. అప్పుడు మా దగ్గర రాయిని రంగుల వారీగా వేరుచేసే పెద్దమ్మ ఒకామె ఉండేది. పని లేదు కాబట్టి ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"ఓవర్‌వెల్మ్‌డ్" అంది పిల్ల. "అంటే ఉక్కిరిబిక్కిరి అయిపోయినామని."

ఈ మాట నాకు తెలుసు. పుట్టినరోజుకు తన ఫ్లెక్సీ తానే కట్టించుకున్న ప్రతివాడూ ఆ సాయంత్రం ఫోనులో పెట్టే మాట ఇదే, మీ అభిమానానికి ఓవర్‌వెల్మ్‌డ్ అని. "వద్దు. ఏడుపు మాట. శాలువా కప్పించుకునే వాళ్లకు బాగుంటది. ఇంకోటి తీయి."

"ఇనండేటెడ్. వరద వచ్చి పొలాలు మునిగినట్టు."

"పలకడానికే ఇంతసేపు పట్టింది. పని ఎక్కువున్న వాళ్లకు అంత తీరిక యాడుంటది?"

"డెల్యూజ్. అంటే మామూలు వరద కాదు, లోకమంతా మునిగిపోయే వాన."

"ఆ వాన సంగతి మా చర్చిలో పాస్టరుగారు చెప్తాడు" అంది పెద్దమ్మ. "నలభై దినాలు కురిసిందంట. మన మీదికి వచ్చేసరికి దేవునికి నీళ్లు అయిపోయినట్టుండాయి."

"స్నోడ్ అండర్. మంచు కింద పూడిపోయినామని."

అది మే నెల. నేను ఫ్యాను వైపు చూశాను. కరెంటు లేదు, అది తిరగడం లేదు. "అదైతే ఒక నాలుగు మీటర్లు కత్తిరించి ఇవ్వు, కప్పుకుంటా" అన్నాను.

ఆ భాష వాళ్లకు మునగడంలో ఇంత రుచి ఏమిటో నాకు అర్థం కాలేదు. ఒకరికి నాలుగు ఉత్తరాలు వస్తే వరద. ఆరు ఫోన్లు మోగితే జలప్రళయం. సెలవు నుంచి తిరిగొచ్చి బల్ల మీద కాగితాలు చూస్తే మంచు తుఫాను. మా వైపు బోరు వేస్తే ముందు దుమ్ము వస్తుంది, తర్వాత తడి దుమ్ము వస్తుంది, ఆ తర్వాత బోరు బండివాడి బిల్లు వస్తుంది. యర్రగొండపాలెం నుంచి కొమరోలు దాకా ఎవరినడిగినా, నీళ్లలో మునిగిన జ్ఞాపకం కన్నా ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తిన జ్ఞాపకమే చెప్తారు. కొండ తొలిచి నీళ్లు తెస్తామనే మాట నా చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ హామీలే పారి ఉంటే ఈపాటికి మేమూ మునిగి ఉండేవాళ్లం.

"స్వాంప్డ్" అంది పిల్ల చివరికి. "బురదనేలలో నడుముదాకా దిగబడి కదల్లేకుండా ఉన్నామని. పొట్టి మాట. వ్యాపారస్థులు దీన్నే వాడతారు. కానీ అత్తా, నేను హైదరాబాదులో ఈ మాట ఎప్పుడు వాడేదాన్నంటే..."

"ఎప్పుడు వాడితే ఏంది, ఇప్పుడు వాడు" అన్నాను. పొట్టి మాట, గట్టి మాట, చవకగా అయిపోతుంది. బేరం కుదిరిన సంతోషంలో అమ్మేవాడు చెప్పేది వినకపోవడం నా చిన్నప్పటి జబ్బు.

స్వాంప్డ్ అని రాశాం. ఆయన జవాబు వెంటనే వచ్చింది. చాలా సంతోషం, రేపు మధ్యాహ్నం వీడియో కాల్‌లో మీ యార్డు చూపించండి అన్నాడు.

చూపించడానికి యార్డులో ఉన్నది మేమూ, పెద్దమ్మా, కోత మిషను బల్ల మీద పడుకున్న కుక్కా.

ఎదురు యార్డు పెద్దాయన దగ్గరకు వెళ్లాను. "పెదనాయనా, రేపు మజ్జానం మీ మనుషులను ఒక గంట ఇస్తావా?"

"ఎందుకమ్మా?"

"ఊరికే నిలబడడానికి."

ఆయన నా మొహం చూశాడు. మా వాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. "ఇస్తా గాని, అది వాళ్లు తినే టైము. నిలబడే తింటారు, సరేనా?" అన్నాడు.

సంగతి తెలిసి మా అన్న కూడా, దుకాణంలో చీర మార్చుకోవడానికి వచ్చిన ఇద్దరాడవాళ్లను ఆటో ఎక్కించి పంపాడు. పరీక్ష పెట్టిన మాస్టారే చీటీ అందించినట్టు. త్రిపురాంతకం పోయే ట్రాక్టరును మావారు రోడ్డు మీద ఆపి లోపలికి తోలించారు. మిషన్ల మీద రాయి లేకపోయినా వాటిని తిప్పారు. పలకరాయి కోయాలంటే నీళ్లు పడాలి కాబట్టి ట్యాంకరు తెప్పించాను. దాని గొట్టం ఊడి యార్డంతా బురదైంది. చీర మార్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఆ బురదలో చీలమండ దాకా దిగబడి, "ఈడ చీరలు యాడున్నాయమ్మా?" అని నన్ను అడుగుతూనే ఉంది. మేం రాసిన మాట అక్షరాలా నెరవేరింది.

పిల్ల ఫోను పట్టుకుని ఆ జనంలో నడిచింది. తెర మీద ఆయన, తెల్లటి మనిషి, కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. వావ్ అన్నాడు. నా ఫోను ఆగకుండా మోగుతోంది, ఎందుకంటే మావారు గోడ వెనక నుంచి ఆగకుండా చేస్తున్నారు. బేరం అయిపోయిందనే అనుకున్నాను. మనసులో ఆ లోడుకు తాడు కూడా కట్టేశాను.

మర్నాడు జవాబు వచ్చింది. పిల్ల దాన్ని చదివి, తెర నా వైపు తిప్పింది. తర్వాత నాకు తెలుగులో చెప్పింది. మీరు పనిలో ఎంతగా మునిగి ఉన్నారో కళ్లారా చూశాను. ఇంత భారం మీద నా పని కూడా వేయడం భావ్యం కాదు. నాకు గడువు ముఖ్యం, కాబట్టి ఇంకొకరిని చూసుకుంటాను. మీ వ్యాపారం ఇలాగే సాగాలి.

"ఇదేంది" అన్నాను. "జనం ఉన్న దుకాణం వదిలిపెట్టి ఖాళీ దుకాణం ఎక్కుతాడా ఎవరన్నా?"

మా వీధిలో మూల సూత్రం అది. ఒక దుకాణంలో నలుగురుంటే ఐదోవాడు అక్కడికే వస్తాడు, పక్కది ఖాళీగా ఉన్నా సరే. ఖాళీగా ఉందంటే ఏదో లోపం ఉందన్నమాటే కదా.

"నేను అప్పుడే చెప్పబోయినా అత్తా" అంది పిల్ల. కోపంగా కాదు, అలసటగా. "హైదరాబాదులో రోజూ అదే రాసేదాన్ని. సారీ, వీ ఆర్ స్వాంప్డ్. నీ పని ఇప్పట్లో కాదు అని మర్యాదగా చెప్పడానికి ఆ మాట. ఓవర్‌వెల్మ్‌డ్ అన్నా అంతే, ఇనండేటెడ్ అన్నా అంతే. అన్నిటికీ అర్థం ఒక్కటే, పో అని."

అప్పుడు తెలిసింది ఆ భాషకు అన్ని వరదలు ఎందుకో. పని చెయ్యకపోవడానికి మేం ఒక్క జ్వరంతో సరిపెట్టుకుంటాం. వాళ్లు సముద్రాన్నే పిలుచుకుంటారు.

సాయంత్రం అన్న వచ్చాడు. సంగతి విని, గోడకున్న క్యాలెండరు వైపు చూసి, "ఆదివారం బస్సుకు చెప్పేదా?" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. కట్టు విప్పి చూసిన చీర మళ్లీ మడతపెడుతున్నంత మామూలుగా అన్నాడు.

పిల్ల లోపలికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వెనకాలే వెళ్లాను.

"ఏం రాస్తున్నావు?"

"నిజం."

"ఏం నిజం?"

"బేరాల్లేవని."

"ఒసే పిచ్చిదానా, బేరాల్లేవనేది బేరాలున్నప్పుడు చెప్పే మాట. నిజంగా లేనప్పుడు ఎవరన్నా చెప్పుకుంటారా, పరువు పోదూ?"

"అత్తా, జనాన్ని చూపించి వాడిని పోగొట్టుకున్నాం. ఇంక చూపించడానికి ఏముంది మన కాడ?"

రాసింది చదివి వినిపించింది. నిన్న మీరు చూసిన జనం మా అత్త అరువు తెచ్చిన వాళ్లు. మిషన్ల మీద రాయి లేదు. మా దగ్గర వేరే పని లేదు. మీరు ఒప్పుకుంటే ఈ యార్డులో కోసే ప్రతి రాయీ మీదే అవుతుంది, ఎవరి వెనకా మీరు నిలబడక్కర్లేదు.

"అత్త అని ఎందుకు రాసినావు? ఎవరో ఒకరు తెచ్చినారని రాయొచ్చు గదా."

"నువ్వే గదా తెచ్చింది."

"నేనే గాని, దేశం దాటించాల్నా?"

దాటించేసింది. శనివారం పొద్దున, చెప్పాపెట్టకుండా, ఆయన దగ్గర నుంచి మళ్లీ వీడియో కాల్ వచ్చింది. నేను యార్డులో నేల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. కుక్క దాని బల్ల మీద అది ఉంది. ఫోను చూడగానే నేను లేచి ఎదురు యార్డు వైపు కేక వేయబోయాను. పిల్ల నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. ఫోను తిప్పి ఖాళీ మిషన్లను చూపించింది, ఎండిన బురదను చూపించింది, కుక్కను చూపించింది, చివరికి నన్ను చూపించింది. ఆయన నవ్వాడు. నా వైపు చెయ్యి ఊపాడు. నేను చింతపండు చెయ్యే ఊపాను.

తర్వాత ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. నాకు ఇంగ్లీషు రాదు, కానీ ఆ మెత్తదనం ఏ భాషలో అయినా గుర్తుపడతాను. మీకు వేరే పని లేదు కదా, మరి రేటు సంగతి కొంచెం చూడండి అంటున్నాడు. పోనీలే, అక్కడా మనుషులే ఉన్నారని మనసు కుదుటపడింది. నేను వేలితో సైగ చేశాను: కొంచెం దించు, దించు, వీడిని పోనివ్వకు. ఆదివారం బస్సు నా కళ్ల ముందు హారను కొడుతోంది.

పిల్ల తన రేటు ఒక్కసారి చెప్పింది. ఫోనును రాళ్లకు ఆనించి పెట్టింది. నా పళ్లెంలో నుంచి ఒక చింతపండు తొన తీసుకుని, తల వంచుకుని, గింజలు తీయడం మొదలుపెట్టింది.

నాయన అచ్చంగా ఇలాగే చేసేవాడు. రేటు చెప్పి, ఇక అవతలి మనిషి అక్కడ లేనట్టు తాను మడత సరిచేసుకుంటూ ఉండేవాడు. ఆ మౌనం ముందు నిలిచినవాళ్లు తక్కువ. ఈ పిల్ల హాస్టళ్లలో చదువుకుంది గానీ ఆ దుకాణంలో పెరగలేదు. ఎక్కడ నేర్చిందో తెలియదు. నేను మాట్లాడకుండా ఉండటానికి ఒక చింతపండు ముక్క నోట్లో పెట్టుకున్నాను.

ఫోనులో ఆయన దగ్గాడు. కుర్చీ కిర్రుమంది. గింజ తర్వాత గింజ పళ్లెంలో పడుతున్నాయి.

"ఓకే" అన్నాడు.

పిల్ల తలెత్తింది. నవ్వలేదు, థాంక్యూ మాత్రం చెప్పింది. సారీ చెప్పలేదు.

అన్న ఆదివారం వచ్చి, ఆర్డరు కాగితం చూసి వెళ్లిపోయాడు. సాయంత్రం దుకాణం నుంచి ఒక కుర్చీ వచ్చింది, నాయన కూర్చున్న పాతది. దానితో పాటు గుమ్మానికి కట్టుకోమని ఒక బూడిదగుమ్మడికాయ.

ఆ తర్వాత రెండు నెలలు మాకు తల గోక్కునే తీరిక లేదు. ఒక ఆర్డరు పూర్తి కాకముందే ఆయన చెప్పాడని ఇంకొకరు రాశారు. మిషన్లు ఈసారి రాయితోనే తిరిగాయి. కుక్క వేరే యార్డు చూసుకుంది. గడువు దగ్గర పడుతోంది, రాయి పెట్టెలకెక్కడం లేదు, పెద్దమ్మకు రంగులు వేరుచేసి చేసి కళ్లు మండుతున్నాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం ఎదురు యార్డు పెద్దాయన భోంచేసి, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ మా గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల రెండు లారీలు వెనక్కీ ముందుకీ జరుగుతున్నాయి. పిల్ల కనురెప్పల నిండా రాతి దుమ్ము. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మేకుల డబ్బా.

"ఏమ్మాయ్, వ్యాపారం ఎట్లుంది?" అన్నాడు.

ఆ పిల్లకు ఇంగ్లీషులో మునగడానికి ఎన్ని మాటలు వచ్చో నాకు తెలుసు. ఏ మాట తీస్తుందోనని చూస్తున్నాను.

"ఏముంది తాతా" అంది. "బేరాల్లేవు. ఈగలు తోలుకుంటా ఉండాం."

పెద్దాయన లారీల వైపు చూశాడు. పిల్ల మొహం వైపు చూశాడు. పుల్ల పారేశాడు.

"అట్లనా" అన్నాడు. "అయితే మా వాళ్లను నలుగురిని పంపేదా? ఈసారి కూర్చుని తిన్నాక వస్తారు."

"పంపు తాతా" అంది.